గల్లీని డిస్కులోకి ఎక్కించిన వైనం

మా గల్లీలో డీవీడీ రాయగల ల్యాప్‌టాప్ ఉన్న మనిషిని నేనొక్కణ్ణే. ఇది ప్రతిభ వల్ల వచ్చిన హోదా కాదు. మిగతావాళ్లు పాతవి వదిలించుకుని కొత్తవి కొనుక్కున్నారు. నేను బద్ధకం కొద్దీ కొనలేదు. పక్కన మీట నొక్కితే నాలుక చాపినట్టు ట్రే బయటికి వచ్చే ఆ బరువైన యంత్రం, పత్రికలో నా ఉద్యోగం చివరి రోజుల్లో కొన్నది. ఇప్పుడది మా ఇంట్లో బీరువా పక్కన స్టూలు మీద ఉంటుంది. వేసవిలో దాని మీద అప్పడాలు కూడా కాల్చవచ్చని మా ఆవిడ అంటుంది. అయినా మరాఠీ ఊళ్లోని మా తెలుగు పేట, భవాని పేట్‌లో కొందరు నన్ను కంప్యూటర్ బాగా తెలిసినవాడిగా చెప్పుకుంటారు. నేను ఖండించను. పత్రికలో పనిచేసినవాడికి, తనకు అనుకూలమైన పుకారును ఎప్పుడు వదిలెయ్యాలో తెలుస్తుంది.

ఆ పుకారును నమ్మిన వాళ్లలో మా అక్క ఒకతె. అక్కను ఇచ్చింది ఈ గల్లీలోనే, మా ఇంటికి రెండు గుమ్మాల అవతల. బావ ఇంట్లోనే రెండు పవర్‌లూమ్‌లు పెట్టుకుని చాదర్లు నేసేవాడు. ఆయన పోయాక మగ్గాలు అమ్మేశారు. తర్వాత కొడుకు హోట్గి రోడ్ వైపు ఒక కాలనీలో ఇల్లు తీసుకుని తల్లిని అక్కడికి తీసుకెళ్లాడు. మంచి ఇల్లు, గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు. అక్క మాత్రం చుట్టిన బీడీలు అప్పగించడానికి ఇంకా భవాని పేట్‌లోని బీడీ కంపెనీ పాత బ్రాంచికే వస్తుంది. అలా వచ్చిన ఒక రోజు, ఖాళీ అయిన సంచి మడత పెట్టుకుని నేరుగా మా ఇంటికి వచ్చి కూర్చుంది.

"తమ్మీ, నువ్వు గా కంప్యూటర్ల డిస్క్ చేస్తవు గదా. నాకొకటి చేసియ్యి."

"ఏం డిస్క్ అక్కా?"

"గల్లీది."

"గల్లీదంటే?"

"గల్లీదంటే గల్లీదే. మగ్గాలు, మనుషులు, ముచ్చట్లు. గీ ఆవాజ్ అంత."

నాకు అర్థం కాలేదని గ్రహించి, మంచినీళ్లు తాగి, నిదానంగా చెప్పింది.

"ఆడ ఏం లేదు రా. పొద్దున కొడుకు పోతడు, కోడలు పోతది. ఇగ ఫ్యాను, నేను. పక్కింట్ల మనుషులున్నరో లేదో గూడ తెల్వది, అందరు తలుపులు పెట్టుకొనే ఉంటరు. చెయ్యి నడుస్తలేదు. ఆకు చేతుల పట్టుకొని ఏందో మనసుల సోంచాయించుకుంట కూసుంట. తల ఎత్తి చూస్తే పొద్దు గుంకుతది. వెయ్యి కావు."

వెయ్యి అంటే రోజుకు ఆమె చుట్టాల్సిన బీడీలు. ఎన్నో ఏళ్లుగా ఆ లెక్క ఆమెకు ఒక లెక్కే కాదు. ఇప్పుడు తక్కువ పడుతున్నాయి. బ్రాంచిలో గుమాస్తా కట్టలు ఎంచుతూ ముఖం చిట్లిస్తున్నాడు. కొడుకు చెడ్డవాడు కాదు, తల్లి మీద ప్రేమ కొద్దీనే, ఇక చాలు, బీడీ కార్మికుల కార్డు వాపసు ఇచ్చెయ్యమంటున్నాడు.

"దీపావళి దాక చూస్త, అప్పటికీ గిట్లనే ఉంటే ఇచ్చేస్త అని మాటిచ్చిన," అంది అక్క. "ఇచ్చేస్తే ఇగ నేనేం చెయ్యాలె చెప్పు. పొద్దంత గా ఫ్యాను దిక్కు చూసుకుంట కూసోవాల్నా?"

మా పేటలో బీడీలు చుట్టే ఆడవాళ్లను చూడనివారికి ఇది వింతగా ఉండొచ్చు. ఇక్కడ ఎవరూ ఒంటరిగా చుట్టరు. మధ్యాహ్నం నలుగురైదుగురు ఒక గడపలో చేరి, ఒళ్లో చాటలు పెట్టుకుని, వాటిలో తంబాకు, కత్తిరించిన ఆకు వేసుకుని మొదలుపెడతారు. నోరు ఒక దారిన పోతుంటుంది, చెయ్యి ఒక దారిన పోతుంటుంది. వెనకాల ఏదో ఒక ఇంట్లో మగ్గం నడుస్తూ ఉంటుంది. ఆకులో తంబాకు పోసి, చుట్టి, మూతి మలిచి, దారం కట్టడం అంతా ఆ మోతలోనే జరిగిపోతుంది. కళ్లకు అక్కడ పని లేదు. అక్క కొత్త ఇంట్లో పోగొట్టుకున్నది ఈ మోతను. దాన్ని తెచ్చి పెట్టమని అడుగుతోంది.

"దీనికి డిస్క్ ఎందుకక్కా, ఫోన్లో వేసిస్త," అన్నాను నాగరికుడిలా.

అక్క కుడిచెయ్యి చాపి వేళ్లు చూపించింది. ఆకూ తంబాకూ అరగదీసిన వేళ్ల కొసలు చెక్కలా నున్నగా ఉన్నాయి.

"కొడుకు ఫోన్ ఇచ్చి చూసిండు. ఎంత గుద్దినా కదల్లే. రేషన్ దుకాణంల మిషనూ అంతే. అవి నన్ను మనిషని ఒప్పుకోవు. మీ బావ కొన్న డీవీడీ మిషన్ ఉంది. దానికి మీటలున్నయి. పొద్దున కోడలు పెట్టి పోతది, సాయంత్రం దాక అదే తిరుగుతది. చేతులు తంబాకుల ఉంటయి, మళ్ల మళ్ల లేవను."

"బొమ్మ వద్దు, ఆవాజ్ ఒక్కటే చాలంటే ఇంకా సులువు."

"నకో. తల ఎత్తితే మనుషులు కనవడాలె. ఖాలీ ఆవాజ్‌తోని మాట్లాడితే కోడలు నన్ను దవాఖానకు తీస్కపోతది."

ఇంతకంటే స్పష్టంగా ఎవరూ ఏదీ అడగలేరు. ఏం కావాలో, ఎందుకు కావాలో, ఎలా నడవాలో అంతా చెప్పింది. నేను తలూపి, అదెంత పని అన్నాను. తర్వాత జరిగినదంతా, ఆమె చెప్పిన దానిలో ఒక్క ముక్కా నా చెవిన పడలేదనడానికి నిదర్శనం.

గల్లీలో మాట వేశాను: ఎవరి దగ్గర ఏ వీడియోలుంటే అవి ఇవ్వండి, అక్కకు పంపాలి. అక్క పేరు చెప్పేసరికి అందరూ ఇచ్చారు. అడిగిన దానికంటే ఎక్కువే ఇచ్చారు. పెళ్లి ఊరేగింపులు, బతుకమ్మ ఆటలు, ఎవరింట్లోనో మేకపిల్ల తొలిసారి నడిచిన సందర్భం, పూలమీద శుభోదయం అని రాసిన బొమ్మలు. ఎదురింటి కోడలు మెమరీ కార్డును తునికాకు ముక్కలో చుట్టి దారం కట్టి ఇచ్చింది, అలవాటు. ఒకరు పెన్‌డ్రైవ్ ఇచ్చారు, ఒకరు గీతలు పడిన సీడీ ఇచ్చారు. బావ మగ్గాల దగ్గర తిరుగుతున్న వీడియోలు కూడా దొరికాయి. మీటల ఫోన్ల కాలంలో ఎవరో తీసినవి, తపాలా బిళ్లంత బొమ్మ.

ల్యాప్‌టాప్‌లో అన్నింటినీ ఒక చోట పోశాను. పేర్ల చివర ఒక్కోదానికి ఒక్కో తోక. త్రీజీపీ, ఏవీఐ, ఎంపీ ఫోర్, ఎంఓవీ, ఇంకా నేనెన్నడూ చూడనివి. ఒక్కొక్కటి నొక్కి చూస్తే అన్నీ ఆడాయి. ఇంకేముంది, అన్నీ ఆడుతున్నాయి కదా అని ఉన్నవి ఉన్నట్టు డిస్కు మీదికి ఎక్కించి, మేనల్లుడు ఇటువైపు వచ్చినప్పుడు చేతిలో పెట్టి పంపించాను. ఆ సాయంత్రం కాలు మీద కాలు వేసుకుని టీ తాగుతుండగా ఫోన్ మోగింది, మేనల్లుడి నంబరు, మాట అక్కది.

"నీ డిస్క్ పెడితే టీవీ అంత నీలంగ అయ్యింది తమ్మీ. గిదేనా గల్లీ?"

ల్యాప్‌టాప్ అన్ని భాషలూ తెలిసిన మనిషి లాంటిది. బావ కొన్న పాత మిషన్ అలాంటిది కాదు, దానికి వచ్చింది ఒక్కటే భాష. అన్నింటినీ ఆ ఒక్క భాషలోకి మార్చాకే దాని ముందు పెట్టాలి. ఈ సంగతి నాకు ముందే తట్టి ఉండాల్సింది. రకరకాల నెంబర్ల నూలు తెచ్చి ఒకే పడుగులో వేస్తే ఏమవుతుందో మగ్గాల ఇంట్లో పుట్టిన వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక పోగు బిగుస్తుంది, ఒకటి వదులవుతుంది, నేసిన గుడ్డ అప్పడంలా ముడుచుకుంటుంది. నేను మగ్గాల ఇంట్లో పుట్టానే గానీ, చిన్నప్పటి నుంచి పేపరు చదువుకుంటూ కూర్చున్నవాణ్ణి.

ఖాళీ డిస్కుల కోసం బజారుకు వెళ్లాను. ఒకప్పుడు సినిమా సీడీలతో నిండి ఉండే దుకాణంలో ఇప్పుడు ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. దుకాణదారు లోపలికి పోయి, దుమ్ము తుడుచుకుంటూ ఒక డబ్బా తెచ్చాడు.

"కాకా, ఏం చేసుకుంటరు వీటితోని? చేన్ల పిట్టలను బెదిరిస్తరా?" అని మరాఠీలో అడిగాడు.

నేను ఒక సామాజిక ప్రయోజనం ఉన్న పని మీద ఉన్నానని చెప్పాను. ఆయన కొన్ని ఎక్కువే ఇచ్చాడు.

మార్చే ప్రోగ్రామ్ ఒకటి ఎక్కించుకుని కూర్చున్నాను. నిలువుగా తీసిన వీడియోలు టీవీకి అడ్డంగా సరిపోవాలి కదా అని తెర నిండేలా సాగదీశాను. గల్లీలో జనమంతా ఒక్క పూటలో లావెక్కారు. మా ఆవిడ పప్పు గిన్నె పట్టుకుని వెనక నిలబడి చూసింది.

"గా పెండ్లిల మా చెల్లె గింత లావుందా? ఆమెకు చూపెట్టకుండ్రి, మనింటికి రాదు."

దాన్ని సరిచేస్తే ఇంకోటి చెడింది. ఫోన్లు సెకనుకు ముప్పై బొమ్మలు తీస్తాయి, కొన్నిసార్లు వాటికి బుద్ధి పుట్టినన్ని తీస్తాయి; మన టీవీకి ఇరవై ఐదు కావాలి. మార్చాక మొదట్లో అంతా సవ్యంగా ఉండి, పోను పోను మాట వెనకపడేది. చివరికి ఒకావిడ నోరు మూసుకున్నాక ఆమె మాట వినిపించేది. దీని కోసం చాలా పొద్దులు కరిగించాను. కానీ ఇవన్నీ చేతకానితనం వల్ల జరిగిన పొరపాట్లు, వాటికి క్షమాపణ ఉంది. అసలు పొరపాటు నాకు బాగా చేతనైన పనిలో జరిగింది.

నేను బతుకంతా డెస్క్ మీద పనిచేశాను. ఎవరో పంపిన పొడుగాటి వార్తను పొట్టిగా చేయడమే నాకు వచ్చిన విద్య. గంటల కొద్దీ వీడియో కళ్ల ముందు ఉండేసరికి నా చెయ్యి దురద పెట్టింది. కొయ్యడం మొదలుపెట్టాను. చెప్పిన మాటే చెప్పిన చోట్ల కోశాను. దగ్గులు కోశాను. ఎవరూ ఏమీ మాట్లాడకుండా కూర్చున్న నిమిషాలు కోశాను. నల్లా దగ్గర ఇద్దరు ఆడవాళ్లు బిందెల వరుస కోసం కొట్లాడుకున్న వీడియో ఒకటి ఉంది, చాలా పొడుగు. అందులో ఒకావిడ ఇంకొకావిడ పుట్టింటి గురించి అన్న మాటలు పరువునష్టం కిందికి వస్తాయని మొత్తం తీసేశాను. బీడీ కట్టలూ బిందెలూ ఉన్న గల్లీ మీద ఎవరు దావా వేస్తారని అప్పుడు ఆలోచించలేదు. ప్రోగ్రామ్‌లో వెనకటి రొదను తీసేసే మీట ఒకటి కనబడింది. దాన్ని నొక్కితే మగ్గాల మోత మాయమై మనుషుల మాట గాజులా మోగింది. నా తెలివికి నేనే మురిసిపోయి అన్నింటికీ ఆ మీట నొక్కాను. చివరగా, ముందు ఒక పేజీ పెట్టాను: మగ్గాలు, పండుగలు, పెళ్లిళ్లు, ముచ్చట్లు. కావలసిన దాన్ని ఎంచుకుని నొక్కవచ్చు. ముద్దుగా ఉంది. అక్షరాలు ఎర్రరంగులో పెట్టాను.

ఈసారి ఎదురింటి వాళ్ల అటక మీది పాత మిషన్ దించి పరీక్షించాను కాబట్టి, ధైర్యంగా డిస్కు జేబులో పెట్టుకుని సిటీ బస్సెక్కి నేనే హోట్గి రోడ్ వెళ్లాను.

అక్క నన్ను కూర్చోబెట్టి, చాట ఒళ్లో పెట్టుకుని, ఆకు తడి చూసుకుని, "ఊ, పెట్టు," అంది. పెట్టాను. ఎర్ర అక్షరాల పేజీ వచ్చి నిలబడింది. అక్క అప్పటికే తంబాకులో చెయ్యి పెట్టింది. కొంచెంసేపు ఎదురుచూసింది.

"నడుస్తలేదు?"

"నొక్కాలక్కా. ఏది కావాలో ఎంచుకోవాలె."

"నేనేం ఎంచుకుంట? గల్లీల కూసున్నప్పుడు ఎంచుకుంటనా?"

నేనే నొక్కాను. పండుగ వచ్చింది. అక్క కళ్లు టీవీ మీద నిలిచాయి. ఒక ముఖం కనబడి, ఎవరో గుర్తుపట్టేలోపు ఇంకో ముఖం వచ్చేది. ఒక మాట మొదలై, సంగతి తెలిసేలోపు ఇంకో మాట. అక్క చేతిలో ఒకే ఆకు ఉంది, అందులో తంబాకు పోసింది, చుట్టలేదు. తర్వాత బావ వచ్చాడు. తపాలా బిళ్లను తెర నిండా సాగదీసిన బావ, రెండు మగ్గాల మధ్య నిలబడి, తెగిన పోగు కోసం వంగుతున్నాడు. మగ్గాలు రెండూ ఆడుతున్నాయి. చప్పుడు లేదు. దూది మగ్గాల మీద దూది మనిషి నేస్తున్నట్టుంది.

అక్క చాలాసేపు చూసింది.

"ఆవాజ్ ఏడికి పోయింది?"

"రొద తీసేసిన అక్కా. మాటలు మంచిగ వినపడాలని."

"ఆయన మాట్లాడుతలేడు గద. నేస్తుండు."

నేను జవాబు చెప్పేలోపు పెళ్లి ఊరేగింపు వచ్చింది. ఒక్కో వీడియోలో శబ్దం ఒక్కో మోతాదులో ఉంటుందని నేను పట్టించుకోలేదు. బ్యాండు మేళం గదిలోకి దూకినట్టు మోగింది. అక్క ఉలిక్కిపడి చాట ఒరిగించింది. తంబాకు నేలంతా పరుచుకుంది. పక్కింటి తలుపు తెరుచుకుంది. ఆ ఇంట్లో మనుషులున్నారని అక్కకు అలా తెలిసింది.

ఇద్దరం నేల మీద కూర్చుని తంబాకు ఎత్తుకున్నాం. చాటలో చుట్టిన బీడీలు ఎంచుకుంటే అరచేతిలో పట్టేన్ని కూడా లేవు.

"చూసేటందుకు మస్తు మంచిగుంది తమ్మీ," అంది అక్క, నా మనసు కష్టపెట్టడం ఇష్టం లేక. "కని నేను చూసేటందుకు అడగలే గద. చూసుకుంట కూసుంటే పనేడ అయితది? ఫ్యాన్ దిక్కు చూస్తె కొన్నన్న అయితుండె."

చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుని, "నల్లా కాడి కొట్లాట లేదేంది? మీ ఎదురింటి కోడలు చెప్పింది, అది గూడ ఇచ్చిన్రని. నేను దాని కోసమే చూస్తున్న," అంది.

బస్సులో తిరిగి వస్తూ, పత్రికలో నేను కోసిపారేసిన వార్తలన్నీ ఒక్కొక్కటిగా గుర్తుకొచ్చాయి. పాఠకులు వాటిని ఏం చేసుకునేవాళ్లో ఎన్నడూ అడగలేదు.

మళ్లీ మొదటి నుంచి చేశాను. కోసినవన్నీ అతికించాను. రొద తీసే మీట జోలికి పోలేదు. మెనూ తీసేశాను: డిస్కు పెట్టగానే ఆడాలి, అయిపోగానే మళ్లీ మొదలవ్వాలి. చిన్న బొమ్మను చిన్నగానే ఉంచి చుట్టూ నలుపు వదిలాను. బావ తపాలా బిళ్లగానే ఉన్నాడు, సన్నగానే ఉన్నాడు. అన్నింటి శబ్దాన్నీ ఒకే మట్టానికి తెచ్చాను. ఇదొక్కటి మాత్రం నిజంగా పనికొచ్చే పని, చాలా ఓపికతో చేశాను, ఎవరూ మెచ్చుకోలేదు.

కానీ చూస్తే, పండుగలూ పెళ్లిళ్లే ఎక్కువ. వట్టి మధ్యాహ్నాన్ని ఎవరూ ఫోన్లో తీసి దాచుకోరు కదా. ఆడవాళ్లు ఊరికే కూర్చుని చుట్టుకుంటూ మాట్లాడుకున్నది లేదు. దాన్ని నేనే తీద్దామని ఫోన్ పట్టుకుని పెద్దమ్మ గడపకు వెళ్లాను. పెద్దమ్మ అంటే గల్లీ మొత్తానికి పెద్దమ్మే. అందరికంటే పాత చాట ఆమెది. ఎదురింటి కోడలు, ఇంకో ఇద్దరు అక్కడే ఉన్నారు. సంగతి చెప్పి, ఫోన్‌ను కిటికీలో ఆనించి, మొదలుపెట్టమన్నాను.

నలుగురూ కొంగులు సర్దుకున్నారు. ఎదురింటి కోడలు గొంతు సవరించుకుంది.

"నమస్కారం అత్తమ్మ. మేమందరం కుశలం. మీరు గూడ అట్లనే ఉన్నరని తలుస్తున్నం."

తర్వాత ఆకు కత్తిరించే కత్తెర్ల చప్పుడు.

"ఇగ ఏం మాట్లాడాలె పేపరన్నా? రాసుకొచ్చినవా?" అంది పెద్దమ్మ. వయసులో నాకు తల్లిలాంటిది, అయినా గల్లీ పెట్టిన పేరు పేపరన్న కాబట్టి ఆమెకూ నేను అన్ననే.

"మామూలుగ మాట్లాడుకోండి పెద్దమ్మా."

"మామూలుగ అంటే ఎట్ల?"

పత్రిక బుద్ధి పోదు కదా, విషయం అందించాను: నీళ్ల గురించి మాట్లాడండి అన్నాను. ఎదురింటి కోడలు ఫోన్ వైపు తిరిగి, నీళ్ల కొరత వల్ల మహిళలు ఇబ్బంది పడుతున్నారని, సంబంధితులు వెంటనే స్పందించాలని చెప్పింది. నేను ఎన్నోసార్లు అచ్చు వేయించిన వాక్యమే అది. ఇప్పుడు వింటే కలిగినంత దిగులు నాకు ఆ వాక్యాన్ని దిద్దిన రోజుల్లో కలగలేదు.

వాళ్లు సర్దుకునేలోపు, బొమ్మ అందంగా వచ్చేలా చూద్దామనుకున్నాను. పెద్దమ్మ పక్కన ఒక మురికి గోనెపట్టా కుప్పగా పడి ఉంది. చూడ్డానికి బాగాలేదు. దాన్ని తీసి అవతల పడేసి, కింద ఉన్న ఆకు కట్టలను వరుసగా పేర్చాను. ఎండ వాటి మీద పడి చక్కగా మెరిశాయి.

తడి గోనెపట్టాలో చుట్టి పెడితేనే తునికాకు మెత్తగా ఉంటుంది. ఎండ తగిలితే చెళ్లున పగులుతుంది, పగిలిన ఆకు చుట్టడానికి పనికిరాదు. మా పేటలో ఈ ముక్క తెలియకుండా నడక నేర్చిన వాళ్లు లేరు. మా అమ్మ కూడా బీడీలు చుట్టే నన్ను పెంచింది.

పెద్దమ్మ వెనక్కి చెయ్యి పెట్టి ఆకు తడిమింది. తిరిగి చూసింది.

"నీ అక్కకు వెయ్యి అయితలేవని మా వెయ్యి గూడ ఖరాబ్ చేసేటందుకు వచ్చినవా? ఎవడన్న ఆకు ఎండల పెడతడా?"

"బొమ్మ మంచిగ రావాలని పెద్దమ్మా."

"బొమ్మ! చిన్నప్పుడు గూడ గిట్లనే. మీ అమ్మ బీడీలు చుట్టమని కూసోపెడితే మూతులు మలవకుండ తంబాకంత చాటల రాల్చిపోయేటోనివి. ఆమె రాత్రి కూసొని మళ్ల చుట్టేది."

"నిజమేనా?" అని ఎదురింటి కోడలు పడి పడి నవ్వింది.

"అడుగు. గిప్పుడు గూడ లుంగీ కడితే మూతి మలవనట్టె ఉంటది."

"పాపం పోనీ పెద్దమ్మ, రిటైరయిండు," అంది మూడో ఆవిడ.

"రిటైరయితే? నా ఆకు గూడ రిటైర్ కావాల్నా?"

"నువ్వు ఊకె మందిని అంటవు. నల్లా కాడ నన్ను గూడ అట్లనే అన్నవు," అంది నాలుగో ఆవిడ, ఎక్కడినుంచో తవ్వి తీసి.

"నేనన్ననా? నీ బిందె నా బిందె మీద పెట్టింది ఎవరు?"

ఇక నల్లా దగ్గరి కొట్లాట మొదటి నుంచి మళ్లీ జరిగింది. ఎదురింటి కోడలు ఒకసారి ఇటు, ఒకసారి అటు సాక్ష్యం చెప్పింది. మధ్యలో ఎవరి పుట్టిల్లో వచ్చింది, నా పెళ్లిలో భోజనాలు తక్కువ పడిన సంగతి వచ్చింది, మా ఆవిడ ఓపిక గురించి పొగడ్త వచ్చింది. పక్కింట్లో భోజనానికి ఆపిన మగ్గం మళ్లీ మొదలైంది. అప్పుడు చూశాను: ఎనిమిది చేతులూ ఆడుతున్నాయి. ఆకు, తంబాకు, చుట్టు, మూతి, దారం. ఎవరూ ఫోన్ వైపు చూడటం లేదు. నేను సిగ్గుతో ఆపేద్దామని కిటికీ దాకా వెళ్లి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఇంటికొచ్చి డిస్కుకు ఎక్కించేటప్పుడు లుంగీ దగ్గర మాత్రం కొంచెం కొయ్యాలనిపించింది. మా ఆవిడ వెనకే ఉంది.

"ఒక్క ముక్క తీసినా వదినెకు తెలుస్తది. ఉండనియ్యిండ్రి. అబద్ధమైతే కద."

దీపావళికి ముందు రోజుల్లో డిస్కు పట్టుకుని మళ్లీ బస్సెక్కాను. అక్క చాట పెట్టుకుంది. డిస్కు దానంతట అదే మొదలైంది. ముందు బావ, నల్లటి తెర మధ్యలో బిళ్లంత. మగ్గాల మోత గది నిండింది. అక్క ఒకసారి తల ఎత్తి చూసి, దించేసింది. చెయ్యి మొదట తడబడి, తర్వాత నడిచింది. ఇంకెవరైనా ఉంటే మా ఇద్దరిలో వీడియో చూస్తున్నది నేనొక్కణ్ణేనని గమనించేవారు.

తర్వాత పెద్దమ్మ వచ్చి నన్ను తిట్టడం మొదలుపెట్టింది.

"బరోబర్," అంది అక్క తల ఎత్తకుండా, టీవీతో. "తంబాకంత రాల్చిపోయేటోడు. నేను గూడ మళ్ల చుట్టిన."

కొట్లాట దగ్గర ఆమె నాలుగో ఆవిడ పక్షం తీసుకుంది. పెద్దమ్మతో గట్టిగానే వాదించింది. పెద్దమ్మ వినిపించుకోలేదు, ఎదురుగా ఉన్నా వినిపించుకునేది కాదు. అక్క ఒళ్లో కట్టలు పెరుగుతున్నాయి. చివరికొచ్చేసరికి మాట బొమ్మకంటే వెనకబడింది. అది నా తప్పు కాదని, ఫోన్ల తీరే అంతని వివరించబోయాను.

"నువ్వు జర ఊకో తమ్మీ," అంది. "చెయ్యి ఆగుతది."

దీపావళి దాటిపోయింది. కార్డు అక్క దగ్గరే ఉంది. వెయ్యి ఒక్కోరోజు అవుతాయి, ఒక్కోరోజు కొన్ని తక్కువ పడతాయి, గుమాస్తా ముఖం మాత్రం మామూలు ముఖమైంది. మేనల్లుడు ఇక ఆ ఊసు ఎత్తలేదు. కాకపోతే కొన్నాళ్లకు అక్క బ్రాంచి నుంచి మళ్లీ నేరుగా మా ఇంటికి వచ్చింది.

"గా డిస్క్ పాతదైంది రా. ఎవరేం అంటరో ముందే తెలుస్తుంది, మళ్ల సోంచాయిస్తున్న. కొత్తది కావాలె."

ఫోన్ పట్టుకుని గడప దగ్గరికి వెళ్లాను. నలుగురూ చాటలతో కూర్చుని ఉన్నారు. పెద్దమ్మ ఆకు కట్టల మీది గోనెపట్టాను తన వైపుకు లాక్కుంది.

"వచ్చినవా పేపరన్నా," అంది. "ఇయ్యాల ఏం ఖరాబ్ చేస్తవో లవకర్ చెయ్యి, జల్ది. మాకు పనుంది."